పదకొండు సెకన్ల గది

ఈ ఉదయం మా ఎక్స్-రే గది పదకొండు మీటర్లు పెరిగి ఉంది. తాళం తీసి, టేపు పట్టి కొలిచి, గోడకు వేలాడే పుస్తకంలో తేదీ పక్కన రాస్తాను. నిన్న సాయంత్రం దాకా దీని పొడుగు తొమ్మిది మీటర్లు. ఇప్పుడు ఇరవై.

గది పెరగడం మాకు కొత్త కాదు. మాది ఫేజ్ కాంట్రాస్ట్ యంత్రం. ఆసుపత్రుల్లో ఉండే మామూలు ఎక్స్-రే, వస్తువు కిరణాన్ని ఎంత ఆపుతుందో మాత్రమే చూస్తుంది. మాది ఎంత వంచుతుందో కూడా చూస్తుంది. ఎముక కిరణాన్ని బాగా ఆపుతుంది కాబట్టి ఎవరికైనా కనిపిస్తుంది. మెత్తటివీ, పలచటివీ, నలిగి పొడైనవీ అంతగా ఆపవు. అవి వంచుతాయి. ఆ వంపు వెంట్రుకలో వెయ్యోవంతు కూడా ఉండదు. అది కంటికి ఆనాలంటే కిరణం పడే తెర దూరంగా ఉండాలి. దూరం పెరిగేకొద్దీ వస్తువు అంచులు తేటపడతాయి.

అందుకని, గుర్తుపట్టడం కష్టమైన వస్తువు వచ్చినప్పుడు గది తనంతట తానే పెరుగుతుంది. కల్తీ కారప్పొడికి ఒక మీటరు పెరుగుతుంది. ఒకసారి ఎవరో తెచ్చిన ముత్యానికి మూడు పెరిగింది. పని కాగానే తగ్గిపోతుంది. వస్తువు ఇంకా రాకముందే పెరగడం మాత్రం ఇదే మొదలు.

నా పేరు మస్తాన్‌బీ. ఈ వస్తు పరిశీలన కేంద్రంలో పద్నాలుగేళ్ళుగా నేనే టెక్నీషియన్‌ని. నేనిచ్చే రిపోర్టులో ‘పదార్థం’ అని ఒక గడి ఉంటుంది. అందులో నేను ఏ మాట రాస్తే, సాయంత్రానికి వస్తువు అదే అవుతుంది. చేరిన కొత్తలో ఒక పెద్దాయన తెచ్చిన నేతి డబ్బాకి తొందరలో ‘మైనం’ అని రాశాను. ఆయన నన్నేమీ అనలేదు. ఇంటికెళ్ళి వత్తి పెట్టి వెలిగించుకున్నాడు. అప్పటినుంచి రెండు అంకెలు చూడకుండా కలం మూత తీయను. ఎంత ఆపింది, ఎంత వంచింది. ఆ రెండూ కలిస్తే ఒక్క పదార్థం మీదకే వచ్చి నిలుస్తాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు పెంచలమ్మ వస్తుంది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. గేటు నుంచి నా తలుపు దాకా ఆరుసార్లు ఆగుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆమె లోపల ఎవరో ఇసుకలో చెప్పులతో నడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఆమె చేతిసంచి మోసుకుంటూ వెనకాల ఒక పెద్దమనిషి వస్తున్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో తెల్ల రుమాలు. తన పేరు మాల్యాద్రి అనీ, పెంచలమ్మ పనిచేసే పలుగురాయి మిల్లుకి మేనేజరుననీ చెప్పి నమస్కారం పెడతారు.

మిల్లు మీద వేసిన విచారణ కమిటీ పంపిన ఫారం పెంచలమ్మ నా చేతికిస్తుంది. పై గడి వాళ్ళే నింపి పంపారు. వస్తువు: పెంచలమ్మ. ప్రశ్న: ఛాతీలో ఉన్న పదార్థం ఏది? గడువు: ఈ సాయంత్రం నాలుగు గంటలు.

“కూర్చోండి పెంచలమ్మా.”

“కూసుంటే మళ్ళా లెయ్యలేనక్కా. నిలబడే ఉంటా.”

“ఎన్నేళ్ళుగా మిల్లులో?”

“పన్నెండేళ్ళు. జల్లెడ కాడ. రాయి మరలో పడి పిండవుద్ది. ఆ పిండి జల్లించేది మేము. గాజు చేసే కాడికి పోద్దంట.” అంత చెప్పడానికి ఆమె నాలుగు చోట్ల ఆగుతుంది.

మాల్యాద్రి గారు జేబులోంచి ఒక చీటీ తీసి నా బల్ల మీద పెడతారు. దాని మీద ‘గాలి’ అని అందంగా రాసి ఉంది.

“ఏమిటిది?” అంటాను.

“మీకు పని తగ్గుద్దని మేడమ్. ఛాతీలో ఉండేది గాలే గదా. మీకూ అదే, నాకూ అదే.”

“కొలవకుండా రాయను.”

“కొలవండి, ఎవురొద్దన్నారు? పలుగురాయని తేలిందనుకోండి. ఆ మాట రాస్తారా మీరు? పై గడిలో ఈమె పేరుండాది. రాస్తే సాయంత్రానికి ఈమె పలుగురాయైపోద్ది. చేసింది మా మిల్లు కాదు, మీ కలం.”

ఆయన గొంతు పెంచరు. ఆయన చెప్పింది నిజం కూడా.

“గాలి అని రాస్తే ఏమవుతుంది?” అంటాను.

మాల్యాద్రి గారు కిటికీ వైపు చూస్తారు. జవాబు పెంచలమ్మ చెబుతుంది.

“పోయినేడు మా జల్లెడ కాడ కోటమ్మకి ఇంకో ఊళ్ళో అట్టనే రాసిచ్చినారక్కా. సాయంత్రం సైకిల్ తొక్కతా వస్తా ఉండాది. మలుపు కాడికొచ్చేసరికి సైకిల్ ఒక్కటే వస్తా ఉండాది. చీర సీటు మీద మడతేసినట్టు ఉండాది. ఆమె రాలా.”

గడిని ఖాళీగా వదిలెయ్యడం కూడా కుదరదు. ఒకసారి ఒక కుర్చీకి అలా వదిలేశాను. వరండాలో ఆ కుర్చీ ఉండాల్సిన చోట ఇప్పుడు కుర్చీ లేదు, దాని లేకపోవడం మాత్రం ఉంది. పోతూ వస్తూ దానికి నా మోకాలు కొట్టుకుంటూ ఉంటుంది.

పెంచలమ్మ నా దగ్గరికి వచ్చి బల్ల అంచు పట్టుకుంటుంది. “రాయి అనే రాయక్కా. రాయంటే మిల్లు ఆపతారంట. గాలంటే ఆపరు. నేను గాక ఇంకా అరవై మంది ఉండారు జల్లెళ్ళ కాడ. నేనేమైతే అయితా.”

“పిల్లలున్నారా?”

“ఒకతే కూతురు. ఇంటర్ చదవతా ఉండాది. మొన్న సెలవుల్లో నేనూ జల్లెడకి వస్తానమ్మా అనింది. చెంప మీద కొట్టినా.” కొట్టిన చెయ్యి ఒకసారి చూసుకుంటుంది. “అంతకుముందు ఎప్పుడూ కొట్టలా.”

ఇక మాటలతో పని లేదు. ఆమెను కిరణం ఎదుట నిలబెట్టి, తెరను అరగజం దూరంలో పెట్టి మొదటి బొమ్మ తీస్తాను. ఎంత ఆపుతుందో తేల్చే బొమ్మ అది. పక్కటెముకలు కనిపిస్తాయి. వాటి వెనకాల ఒక మసక. మంచులో ఊరు కనిపించినట్టు. ఒక అంకె వస్తుంది. ఆ అంకె గాలికీ సరిపోదు, రాయికీ సరిపోదు.

“చూశారా, ఏమీ లేదు,” అంటారు మాల్యాద్రి గారు.

“ఇది సగమే. ఇంకొకటి ఉంది.” పెంచలమ్మ వైపు తిరుగుతాను. “రెండోదానికి ఊపిరి బిగపట్టాలి. నేను వదలమనేదాకా కదలకూడదు. కదిలితే అంచులు చెరిగిపోతాయి. ఎంతసేపు పట్టగలరు?”

“పదకొండు. పొద్దున్నే మంచం మీద లెక్కబెట్టుకుంటా రోజూ. పోయిన నెల పద్నాలుగు వచ్చింది.”

పదకొండు సెకన్లంటే మామూలుగా చాలు. కానీ గది సాగినప్పుడు దాని లోపలి సెకన్లు కూడా సాగుతాయి. ముత్యం వచ్చిన రోజు ఒక్కో సెకను రెండు నిమిషాలైంది. ముత్యం ఊపిరి పీల్చదు కాబట్టి అప్పుడు నేను పట్టించుకోలేదు.

“ఊపిరి పట్టండి,” అంటాను. మీట నొక్కుతాను.

ఎదురు గోడ తెరను తనతో తీసుకుని, రేవు వదిలిన పడవలా చప్పుడు లేకుండా వెనక్కి జరగడం మొదలుపెడుతుంది. జరుగుతూనే ఉంటుంది. కాసేపటికి నాకు గోడ కనిపించదు. కప్పు కింద వరసగా దీపాలు పుట్టుకొస్తాయి, అన్నీ ఆరి ఉన్నాయి. మొదటిది వెలుగుతుంది. అది ఒక సెకను. రెండో దీపం రెండు ఫర్లాంగుల అవతల ఉంది.

బొమ్మ తెర మీదే పడుతుంది. తెర దగ్గరికి వెళితేనే రెండో అంకె తెలుస్తుంది. సీసం కోటు తొడుక్కుని, ఫారం, కలం తీసుకుని బయల్దేరతాను. కిరణం పోయే దారికి పక్కనే నేల మీద ఎర్ర గీత ఉంది. గీత దాటకుండా నడవాలి.

“నేనూ వస్తా మేడమ్, మిల్లు తరఫున,” అంటారు మాల్యాద్రి గారు. ఆయనకూ ఒక సీసం కోటు ఇస్తాను.

రెండో దీపం దగ్గర ఎడమ గోడలో కమిటీ ఆఫీసు వరండా ఉంది. ఒక గుమాస్తా తలెత్తకుండా కాగితాల మీద ముద్రలు వేస్తున్నాడు.

“నాలుగైందా?” అని అడుగుతాడు.

“ఇంకా కాలేదు.”

“అయితే తొందరేం లేదు,” అంటాడు. నేను మరింత వేగంగా నడుస్తాను.

మూడో దీపం కింద బస్టాపు ఉంది. మాల్యాద్రి గారు బెంచీ మీద కూర్చుంటారు. “ఒక్క నిమిషం మేడమ్. కూర్చోండి. మీరు పరిగెత్తితే మాత్రం ఆమె ఊపిరి పెరుగుద్దా?”

నేను ఆగను. వెనక ఆయన దగ్గు వినిపిస్తుంది. నాలుగో దీపం దాటేటప్పటికి ఆయన నన్ను కలుసుకుంటారు, కానీ ఒంటి మీద కోటు లేదు.

“కోటేది?”

“బరువు. మొయ్యలేకపొయ్యా.” రుమాలుతో మూతి తుడుచుకుంటారు. “నాది పంతొమ్మిదేళ్ళ సర్వీసు మేడమ్. మిల్లు మూతబడితే ఆ అరవై ఇళ్ళల్లో పొయ్యి ఎవురు వెలిగిస్తారు? అది ఏ గడిలో రాస్తారు మీరు?”

జవాబు వెతకడానికి ఆగితే ఐదో దీపం వెలిగిపోతుంది. ఆగకపోయినా వెలుగుతుంది.

ఒకసారి వెనక్కి చూస్తాను. పెంచలమ్మ అగ్గిపుల్లంత ఉంది. భుజాలు కాస్త పైకి లేచి అలాగే నిలిచిపోయి ఉన్నాయి. కదలడం లేదు.

ఆరో దీపం దగ్గర రైలు గేటు వేసి ఉంది. పట్టాలు గదికన్నా పల్లంలో ఉన్నాయి. కిరణం వాటి మీదుగా నేరుగా వెళ్ళిపోతోంది, నేను మాత్రం ఆగాలి. ఒక గూడ్సు బండి తెల్ల బస్తాలతో చాలా మెల్లగా వస్తోంది.

“ఈ టైములో ఇక్కడ రైలు ఎందుకుంది?”

“నేనే పంపమన్నా,” అంటారు మాల్యాద్రి గారు, టీ చెప్పినంత మామూలుగా.

పెట్టెలు లెక్కపెడతాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. చివర కనిపించడం లేదు. ఏడో దీపం అవతల వెలుగుతుంది. ఇక లాభం లేదు. ఫారం పళ్ళ మధ్య పట్టుకుని, పల్లంలోకి దిగి, రెండు పెట్టెల నడుమ కొక్కెం మీద కాలు వేసి అటు దూకుతాను. సీసం కోటు అంచు ఎక్కడో పట్టుకుంటుంది. గుంజితే చిరిగి వస్తుంది. చిరిగిన ముక్కను బండి తనతో తీసుకుపోతుంది. వెనక్కి చూడను. మాల్యాద్రి గారు కూడా దూకిన చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత చాలాసేపు దగ్గు.

ఎనిమిదో దీపం కింద గది మిల్లులోకి వెళుతుంది. తలుపేమీ లేదు. నేల తెల్లబడుతుంది, గోడలు తెల్లబడతాయి, మర హోరు మొదలవుతుంది. అరవై మంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని జల్లెడ పడుతున్నారు. కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. వాళ్ళ అవతల, చాలా దూరంలో, తెర ఇంకా వెనక్కి జరుగుతూనే ఉంది.

తొమ్మిదో దీపం వెలిగాక లెక్క వేస్తాను. నేను ఎంత పరిగెత్తినా పదకొండులోగా తెరను అందుకోలేను.

“అమ్మా,” అని అరుస్తాను. “పెంచలమ్మ ఊపిరి పట్టి నిలబడి ఉంది. ఆమె బొమ్మ పడటానికి నాకు తెర కావాలి. ఇప్పుడే కావాలి.”

అందరికన్నా పెద్దావిడ జల్లెడ కింద పెడుతుంది. ఆమె పేరు దొరసానమ్మ అని పక్కావిడ పిలిచినప్పుడు తెలుస్తుంది. “లెయ్యండే,” అంటుంది. “కొంగులు పట్టండి. ఒకరి కొంగు అంచు ఇంకొకరు పట్టుకోండి.”

అరవై మంది లేచి గదికి అడ్డంగా నిలబడతారు. పిండి పట్టి తెల్లబడిన కొంగులు పైన ఒక వరస, కింద ఒక వరస చాపుతారు. కిరణం వాటి మీద పడుతుంది.

పెంచలమ్మ ఛాతీ ఇంటి గోడంత వెడల్పున తేలుతుంది. మసక లేదు. ఊపిరితిత్తిలో ప్రతి గదీ దాని అంచుతో సహా కనిపిస్తోంది, నీటి బుడగలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నట్టు. ప్రతి బుడగలోనూ రేణువులు. ఒక్కో రేణువుకి కోణాలున్నాయి. జేబులోంచి భూతద్దం తీసి, ఒక కొంగు అంచున కిరణం ఎంత పక్కకు జరిగిందో కొలుస్తాను. రెండో అంకె వస్తుంది. మొదటి అంకె పక్కన పెడతాను. రెండూ పలుగురాయి మీదకు వచ్చి ఆగుతాయి.

ఆ వెంటనే బొమ్మ చీకటవుతుంది. మాల్యాద్రి గారు ఎర్ర గీత దాటి, చేతులు చాపి కిరణానికి అడ్డంగా నిలబడ్డారు.

“ఇంక కనపడదు మేడమ్. కనపడనిది మీరు రాయలేరు.”

కానీ కొంగుల మీద చీకటి నిలవదు. మెల్లగా ఇంకో బొమ్మ తేలుతుంది. కొంచెం వెడల్పైన ఛాతీ, నడుమ చొక్కా గుండీల నీడ. బుడగలు తక్కువ. రేణువులు ఎక్కువ. కొన్ని చోట్ల బుడగే లేదు, రేణువులు ముద్దకట్టి ఉన్నాయి.

దొరసానమ్మ కొంగు వదలకుండానే మెడ చాపి చూస్తుంది. “మాల్యాద్రన్నా. నీకు మాకన్నా జాస్తి ఉండాదే.”

ఆయన తల తిప్పి చూస్తారు. చాపిన చేతులు దించరు. పదో దీపం వెలుగుతుంది.

“నేను ఆఫీసు రూములో గదా కూసునేది,” అంటారు. “తలుపులేసుకునే గదా.”

ఆయన ఒక అడుగు పక్కకు వేస్తారు. పెంచలమ్మ బొమ్మ మళ్ళీ పూర్తిగా వస్తుంది.

ఈసారి నాకు ఇందాక చూడనిది కనిపిస్తుంది. ప్రతి రేణువు చుట్టూ ఒక సన్నని తెల్ల గీత ఉంది. రేణువుకీ, ఊపిరితిత్తికీ నడుమ ఉన్న అంచు అది. భూతద్దంతో ఒకటి చూస్తాను, పది చూస్తాను. అంచు ఎక్కడా తెగలేదు. రాయి ఆమెలో ఉంది కానీ ఆమె కాలేదు. పన్నెండేళ్ళయినా రెండూ కలవలేదు.

ఫారం మోకాలి మీద పెట్టుకుంటాను. వస్తువు గడిలో ‘పెంచలమ్మ’ అన్న మాటను కొట్టేస్తాను. దాని పైన ‘పెంచలమ్మ ఛాతీలో ఉన్న పొడి’ అని రాస్తాను.

“దిద్దితే చెల్లదు మేడమ్,” అంటారు మాల్యాద్రి గారు. గొంతులో ఇందాకటి నిబ్బరం లేదు. “అవతలి పార్టీ సంతకం కావాల.”

“అవతలి పార్టీ మీరే.”

పదకొండో దీపం వెలుగుతుంది. ఆ తర్వాత దీపాలు లేవు. పెంచలమ్మ తన లెక్క దాటి, ఇక ఏ దీపం కిందా లేని సెకనులోకి వెళ్ళిపోతుంది. కొంగుల మీద ఆమె గుండె అంచు వణకడం మొదలవుతుంది.

“ఎన్నైంది?” అంటారు ఆయన.

“అయిపోయింది. ఇప్పుడు ఆమె పడుతున్నది లెక్కలో లేని ఊపిరి.”

ఆయన చెయ్యి చాపుతారు. కలం ఇస్తాను. దిద్దిన చోట సంతకం పెడతారు. తర్వాత ఫారం అడుగున, ఇన్నేళ్ళలో నన్నెవరూ నింపమనని ఒక గడి చూస్తారు. ‘స్వంతదారు’. అందులో తనే ‘మిల్లు’ అని రాసి నాకు తిరిగి ఇస్తారు. నేను పదార్థం గడిలో ‘పలుగురాయి’ అని రాస్తాను. రాసిన మాటను ఊదను, తుడవను. సిరా దానంతట అదే ఆరుతుంది.

“పెంచలమ్మా, వదలండి!”

నా గొంతు ఎనిమిదో దీపం దాకా కూడా వెళ్ళదు. మర హోరు దాన్ని తినేస్తుంది. మళ్ళీ అరుస్తాను. మళ్ళీ అంతే.

దొరసానమ్మ కొంగు వదిలి పరుగు తీస్తుంది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. అరవై మంది గది పొడవునా తలా కొంత దూరంలో నిలబడతారు. రైలు పట్టాల మధ్య ఒకామె నిలబడుతుంది. బండి ఆమె ముందుకొచ్చి ఆగుతుంది.

“వదలమ్మా పెంచలా!”

“వదలే!”

“వదిలెయ్ తల్లీ, వదిలెయ్!”

మాట ఒకరి నోటినుంచి ఇంకొకరి నోటికి పోతూ చిన్నదవుతుంది. తర్వాత వినిపించదు. నేనూ మాల్యాద్రి గారూ నిలబడి ఉంటాం. ఎంతసేపో చెప్పే దీపం లేదు.

ముందు చప్పుడు వస్తుంది. ఇసుకలో చాలామంది ఒకేసారి నడుస్తున్నట్టు. ఆ తర్వాత తెల్లటి గాలి. అది మమ్మల్ని తాకకుండా, మా ఇద్దరి నడుమ నుంచి, ఎక్కడికి పోవాలో తెలిసినట్టుగా వెళ్ళి జల్లెళ్ళు దాటి మర నోట్లోకి పోతుంది. పన్నెండేళ్ళ పిండి, తన స్వంతదారు దగ్గరికి. మర రెండుసార్లు మింగుతుంది, మూడోసారి బెల్టు తెగిపడుతుంది. హోరు ఆగుతుంది. గది పొడవునా నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి ఊపిరి ఒకరు వింటారు. ఒకామె భయపడి చెవులు మూసుకుంటుంది.

వెనక్కి తిరిగితే పెంచలమ్మ నాకు చేతికందేంత దూరంలో ఉంది. గది మళ్ళీ తొమ్మిది మీటర్లే. ఆమె నా కుర్చీలో కూర్చుని ఉంది.

“లేస్తా చూడక్కా,” అంటుంది. లేస్తుంది. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేస్తుంది. రేణువులు ఉన్న చోట ఖాళీలు అలాగే ఉండిపోయాయి కాబట్టి ఊపిరి తీస్తే లోపల సన్నగా ఈల వేస్తోంది. ఆ ఈల తనది కాదేమో అన్నట్టు అటూ ఇటూ చూస్తుంది. తర్వాత ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తుంది. “పాపకి చెప్పాల. కొట్టినందుకు కూడా చెప్పాల.”

నాలుగు గంటలకు ఫారం కమిటీకి చేరుతుంది. మిల్లు ఆపమని ఆర్డరు వస్తుంది. జల్లెళ్ళ దగ్గర పనిచేసిన అందరినీ పరిశీలించేదాకా మిల్లు పేరు కాగితాల మీద ఉంచాలనీ, ఆ తర్వాత కొట్టేయాలనీ అందులో ఉంది. అరవై మందికీ గాజులు చేసే పని చూపిస్తామని ఇంకో కాగితం వస్తుంది. అది నిజమో కాదో ఇంకా తెలియదు. దొరసానమ్మ రోజూ వెళ్ళి అడిగి వస్తోంది.

రోజుకు పదిమంది చొప్పున ఆరు రోజులు పడుతుంది. మాల్యాద్రి గారు ఆరు రోజులూ వస్తారు. గేటు దగ్గర ఒక్కొక్కరి సంచీ అందుకుని తలుపు దాకా మోస్తారు, వాళ్ళతో పాటే ఆగుతూ. తన వంతు అడగరు. ఎవరైనా ముందు పొమ్మంటే, “నాదేముందిలే, మీది కానీండి,” అంటారు. మిల్లు కప్పు దాకా తెల్లగా నిండిపోతుంది. ఆరో రోజు సాయంత్రం మిల్లు పేరు కొట్టేస్తారు. మర్నాడు పొద్దున్నే అటు వెళ్ళినవాళ్ళకి అక్కడ మిల్లు కనిపించదు, ఒక లోతైన గుంట మాత్రం ఉంది.

ఏడో రోజు పదింటికి ఆయన ఒక్కరే వస్తారు. సంచీ లేదు.

“మేడమ్, నా ఊపిరి నాలుగు సెకన్లే,” అంటారు. “ఇంకో మాట. మిల్లు లేదు గదా ఇప్పుడు. నా లోపల ఉండేది ఎవురిదని రాస్తారు?”

నేను కలం పట్టుకుని ఆలోచిస్తాను. స్వంతదారు లేని పొడి బయటికి వచ్చినా పోవడానికి చోటుండదు. తిరిగి ఆయనలోకే పోతుంది, ఈసారి అడ్డం పడుతుంది. రెండో ఊపిరి ఆయనకు ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. చొక్కా కొత్తది వేసుకుని వచ్చారు.

“మిల్లుకి రాయి ఎక్కడినుంచి వచ్చేది?”

“గుట్ట నుంచి. మిల్లు వెనకమాల ఉండే గుట్ట. నేను చేరినప్పుడు ఇంకా సగం ఉండేది.” దగ్గి, మూతి తుడుచుకుంటారు. “అది గూడా లేదు గదా మేడమ్.”

“గుట్ట లేకపోతే మాత్రం రాయి దానిది కాకుండా పోతుందా?” అంటాను.

ఆయన కొత్త చొక్కా సర్దుకుంటారు. తర్వాత కిరణం ఎదుట నిలబడతారు. వస్తువు, మాల్యాద్రి ఛాతీలో ఉన్న పొడి. పదార్థం, పలుగురాయి. స్వంతదారు గడిలో ‘గుట్ట’ అని రాస్తాను. ఇది నేను కొలవని మాట.

“ఊపిరి పట్టండి.”

ఎదురు గోడ ఈసారి జరగదు. ఉన్న చోటే లేకుండా పోతుంది. అవతల ఎండ, ఎండలో గుంట. ఒకటి. రెండు. మూడు. ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. నాలుగు.

“వదలండి.”

ఆయన వదులుతారు. తెల్లటి గాలి గది దాటి గుంట మీదకు వెళ్ళి అక్కడ ఆగుతుంది. కింద పడదు, వెనక్కి రాదు. గాలిలో ఒక గీత పుడుతుంది. దాని పక్కన ఇంకొకటి. ఒక గుట్ట ముందు తన అంచులతో నిలబడుతోంది. లోపల ఇంకా ఏమీ లేదు, అటువైపు ఆకాశం కనిపిస్తోంది. మాల్యాద్రి గారు కళ్ళు మూసుకుని ఇంకా వదులుతూనే ఉన్నారు, పెదాల నీలం తగ్గుతోంది. ఆ ఊపిరి పంతొమ్మిదేళ్ళది కూడా కాదు, అంతకు ముందుది.

అంచుల మీద మేకలు ఎక్కుతున్నాయి. ఒక మేక అన్నిటికన్నా పై గీత మీద ఆగి, ముందు కాలితో గాలిని తవ్వుతుంది. తవ్విన చోట నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు కిందికి రావు. సన్నటి కాలువగా పైకి పారుతున్నాయి, మిగతా మేకలు ఒకదాని వెనక ఒకటి తాగుతూ దాని వెంట నడిచి పోతున్నాయి.